చిన్నాయన గిటారుకు పొట్టి నెక్

చిన్నాయన గిటారుకు నెక్ మార్చిన సంగతి మన చుట్టాల్లో చాలామందికి తెలిసిపోయింది. సేడం నుంచి, తాండూరు నుంచి, అమెరికాలో ఉన్న మేనత్త కొడుకు దగ్గర్నుంచి కూడా ఫోన్లు వచ్చాయి. కొందరు "ఎట్ల చేసిండ్రు?" అని అడిగారు. ఇంకొందరు కొంచెం గొంతు తగ్గించి "ఎందుకు చేసిండ్రు?" అని అడిగారు. రెండింటికీ ఒకేచోట జవాబు ఉంటే మంచిదని ఇది రాస్తున్నాం. మీ ఇంట్లో కూడా పెద్దవాళ్ళు వదిలిపోయిన వాయిద్యం ఏదైనా ఉంటే, దాన్ని పిల్లల చేతికి ఇవ్వాలా, గూట్లో పెట్టాలా అన్న ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది.

కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక మాట. ఈ బ్లాగులో "మేము" అంటే కోర్పనా ఇంటి అన్నదమ్ములం, అక్కచెల్లెళ్ళం. టైపు చేసేది మాత్రం మాలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేసే చేతులు. చదువు సేడంలో, కన్నడ మీడియంలో. ఇంట్లో మాట తెలుగు, బడిలో రాత కన్నడం. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నాం. సగం అక్షరాలు రెండింట్లోనూ ఒకటే గనుక కష్టం కాలేదు. కన్నడ తలకట్టు అడ్డంగా సాగుతుంది, తెలుగుది పైకి లేస్తుంది, అంతే తేడా అనుకుని చదివేస్తాం.

ఇక ఊరు. కోర్పనా అంటే ఎక్కడ అని అడిగేవాళ్ళకు మేం చెప్పేది ఒకటే: ఆదిలాబాదులో బస్సెక్కి రాజురా వైపు వస్తే మధ్యలో తగిలే ఊరు. చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర. ఒకప్పుడు ఈ రాజురా తాలూకా మొత్తం నిజాం ఇలాకాలో, ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాలు విడదీసినప్పుడు గీత అవతలికి వెళ్ళింది. అందుకే ఇక్కడి పల్లెల్లో తెలుగు ఇళ్ళు చాలావరకు వలస వచ్చినవి కావు, గీతే వాళ్ళ మీదుగా జరిగింది. మన కుటుంబం సంగతి వేరు. మనం సున్నపురాయి వెంట నడిచిన వాళ్ళం. తాత తాండూరులో బండలు కొట్టాడు. బాపు సేడంలో సిమెంటు ఫ్యాక్టరీ పని చేశాడు. చిన్నాయన ఇటు, గడ్‌చాందూర్, ఆవార్పూర్ వైపు ఫ్యాక్టరీలు వచ్చాక పని వెతుక్కుంటూ వచ్చి కోర్పనాలో ఇల్లు కట్టుకున్నాడు. మేం తర్వాత వచ్చి చేరాం.

చిన్నాయన ఆ గిటారు 1994లో సికింద్రాబాదులో కొన్నాడు. స్ట్రాటోకాస్టర్ నమూనాలో చేసిన మామూలు ఎలక్ట్రిక్ గిటారు, ఎర్ర రంగు, తల మీద పేరు ఎప్పుడో చెరిగిపోయింది. కాలనీ గణపతి పందిట్లో ఆర్కెస్ట్రా పెట్టినప్పుడు అదే వాయించేవాడు. మరాఠీ పాటలు, హిందీ పాటలు, చివర్న మన వాళ్ళు చీటీ రాసి పంపితే తెలుగు పాట ఒకటి. రాత్రి పాళీ డ్యూటీ ఉన్నరోజు కూడా సాయంత్రం అరగంట వాకిట్లో కూర్చుని వాయించి పోయేవాడు. ఆయన పోయి ఆరేళ్ళవుతోంది. గిటారు చిన్నమ్మ మంచం పక్కన, గుడ్డ సంచిలో ఉండేది.

దాన్ని బయటికి తీసింది ఆయన మనుమరాలు. పదకొండేళ్ళు. మరాఠీ బడిలో చదువుతుంది, చిన్నమ్మను "ఆజీ" అని పిలుస్తుంది. సేడంలో మేం ఇరుగుపొరుగు ముసలమ్మలను "అజ్జీ" అనేవాళ్ళం, కాబట్టి మాకా పిలుపు పరాయిగా అనిపించదు. పిల్ల ఫోన్లో వీడియోలు చూసి నాలుగు కార్డులు పట్టడం నేర్చుకుంది. అయిదోది ఎఫ్ కార్డు. అక్కడ ఆగిపోయింది. చూపుడువేలు తీగల మీద అడ్డంగా నొక్కాలంటే బలం చాలదు. నాలుగో మెట్టు మీదికి చిటికెనవేలు చాపితే మెట్టుకు అర సెంటీమీటరు ఇవతలే ఆగుతుంది. రెండు నెలలు తిప్పలు పడి సంచిలో పెట్టేసింది. "ఆజోబా గిటారు నాకు పెద్దది" అంది. అక్కడితో ఊరుకుంటే అది మళ్ళీ మంచం పక్కకే పోయేది.

పెద్దది అన్నది నిజమే. గిటారులో పెద్ద, చిన్న అనేది చెక్క ఒళ్ళు చూసి చెప్పేది కాదు. తీగ మోగే పొడవు చూసి చెప్పాలి. పైన తల దగ్గర ఉండే నట్ నుంచి కింద బ్రిడ్జి దాకా ఉన్న ఆ దూరాన్ని స్కేలు అంటారు. ఫెండర్ కంపెనీ 1954లో తెచ్చిన స్ట్రాటోకాస్టర్‌కు అది 25.5 అంగుళాలు, అంటే దాదాపు 648 మిల్లీమీటర్లు. ఆ నమూనా చూసి చేసిన గిటార్లన్నీ సుమారు అంతే. గిబ్సన్ లెస్ పాల్‌కు 24.75 అని చెప్తారు. అదే ఫెండర్ 1956లో నేర్చుకునేవాళ్ళ కోసం మ్యూజిక్‌మాస్టర్, డ్యూయో-సోనిక్ అని 22.5 అంగుళాల గిటార్లు తెచ్చింది. 1962 జాగ్వార్‌కు, 1964 ముస్టాంగ్‌కు 24. అంటే చిన్న చేతికి చిన్న స్కేలు అనేది పాత ఆలోచనే.

మెట్ల లెక్క కూడా చెప్పుకుందాం, తర్వాత పనికొస్తుంది. నట్ నుంచి బ్రిడ్జి దాకా ఉన్న పొడవును 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం వస్తుంది. మిగిలిన పొడవును మళ్ళీ అదే అంకెతో భాగిస్తే రెండోది. ఇలా పన్నెండుసార్లు చేస్తే సరిగ్గా సగానికి చేరతాం, అదే పై స్థాయి. పాతకాలం వడ్రంగులు 18తో భాగించేవాళ్ళు. గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలి 1581లో అచ్చువేసిన పుస్తకంలో ఈ 18 లెక్కనే సమర్థించాడు. ఆయన కూడా వాయిద్యం వాయించేవాడే.

మన వీణకు ఈ ఇబ్బంది ఇంత లేదు. వీణ మెట్లు మైనంలో కూర్చోబెడతారు. మేళం కట్టేవాళ్ళు మైనం వేడిచేసి మెట్టును అటూ ఇటూ జరిపి శ్రుతి చూసుకుంటారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వాళ్ళు పనసకర్రతో వీణ మొత్తం ఒకే మొద్దులో తొలిచినా, మెట్లు మాత్రం మైనంలోనే. గిటారులో మెట్టు చెక్కలో గాడి కోసి కొట్టిన లోహం ముక్క. జరపలేం. స్కేలు మారాలంటే నెక్ మొత్తం మారాలి.

ఆ మాట చిన్నమ్మతో చెప్పాల్సి వచ్చింది.

చిన్నమ్మ కోప్పడలేదు. సంచిలోంచి గిటారు తీసి నెక్ మీద వేలు పెట్టి చూపింది. రెండో మెట్టు, మూడో మెట్టు దగ్గర లోహం మీద చిన్న చిన్న గుంటలు. ఏళ్ళ తరబడి తీగ నొక్కి నొక్కి పడినవి. వెనక పక్క బొటనవేలు ఆనేచోట పాలిష్ పోయి కర్ర నున్నగా అయింది. "గిది తీసేస్తె ఇంకేం మిగుల్తది? ఒళ్ళు ఎవలదైతేంది, ఆయన చెయ్యి తిరిగిందంతా గీడనే గదా" అంది. మా దగ్గర జవాబు లేదు. లెక్కలు చెప్పే సమయం కాదని అర్థమై ఊరుకున్నాం.

నాలుగైదు రోజుల తర్వాత ఆమే మాట ఎత్తింది. అంతకుముందు ఒక రిపేరు అతను గిటారు చూసి, ఈ మెట్లు అరిగాయి, ఇలాగే వాయిస్తే కొన్నాళ్ళకు రాపి సాపు చేయాలి, తర్వాత పీకి కొత్తవి కొట్టాలి అని చెప్పి వెళ్ళాడు. అది చిన్నమ్మ మనసులో ఉండిపోయింది. "పిల్ల దీని మీదనే వాయిస్తె ఆయన గుర్తులు అరిగిపోతయి. వాయించకపోతె గిటారే పోతది. తీసి దాచుడే మంచిగనిపిస్తుంది. కని ఒక్క మాట. ఒంటికి కొత్తగ ఒక్క తూటు గూడ పడొద్దు. రేపు పిల్ల చేతులు పెద్దగయినంక పాతది మళ్ళ పెట్టుకుంటనంటె పెట్టుకునేటట్టు ఉండాలె."

టెస్టింగ్ ఉద్యోగంలో ఇంత స్పష్టమైన రిక్వైర్‌మెంట్ మాకు ఏ క్లయింటూ ఇవ్వలేదు. మేం దాన్ని కాగితం మీద రాసుకున్నాం. ఒకటి, పిల్ల ఎఫ్ కార్డు పట్టగలగాలి. రెండు, ఒంటికి కొత్త తూటు పడకూడదు. మూడు, పాత నెక్ ఎప్పుడైనా తిరిగి బిగించగలగాలి. (సేడం కన్నడంలో దాన్నే "తూతు" అంటారు. మాకు రెండు భాషల్లోనూ గట్టిగానే వినబడింది.)

ఇలా వాయిద్యాన్ని మార్చుకోవడం తప్పేమో అనుకునే పెద్దవాళ్ళకు మేం మాండలిన్ శ్రీనివాస్ పేరు చెప్తాం. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆరేళ్ళ వయసులో తండ్రి మాండలిన్ పట్టుకున్నాడు. మాండలిన్‌కు మామూలుగా జంటలుగా ఎనిమిది తీగలు. కర్ణాటక సంగీతంలో గమకం పలకాలంటే తీగను లాగాలి, జంట తీగలతో అది సాగదు. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జంటలు తీసేసి, విడి తీగలు అయిదు పెట్టుకున్నాడు. వాయిద్యం తన సంగీతానికి సరిపోయేలా మారింది, సంగీతం చిన్నబోలేదు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో చెన్నైలో పోయాడు. బాపు దగ్గర ఆయన క్యాసెట్లు ఇంకా ఉన్నాయి. మన పిల్ల శ్రీనివాస్ కాదు, కావాలని మేం అనుకోవడమూ లేదు. వాయిద్యం మనిషికి తగ్గట్టు ఉండాలన్న మాట మాత్రం మన ఇళ్ళలో కొత్తది కాదని చెప్పడానికే ఇది.

ఇక పని దగ్గరికి వద్దాం.

పొట్టి నెక్ అంటే ఏదో ఒక చిన్న గిటారు నెక్ తెచ్చి బిగించడం కాదు. ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఒక పట్నం షాపులో మాకు ముస్టాంగ్ రకం నెక్ చూపించి, స్క్రూలు పడతాయి తీసుకోండి అన్నారు. స్క్రూలు పడొచ్చు, శ్రుతి పడదు. ఆ నెక్ తన సొంత గిటారులో బ్రిడ్జి ఎంత దూరంలో ఉంటుందో ఆ లెక్కకు చేసింది. పన్నెండో మెట్టు నుంచి బ్రిడ్జికి 12 అంగుళాలు ఉండాలి. మన గిటారులో బ్రిడ్జి ఇంకా వెనక ఉంటుంది. బ్రిడ్జి మీద ఉండే సాడిళ్ళను మరతో ముందుకూ వెనక్కూ జరపొచ్చు గానీ కొన్ని మిల్లీమీటర్లే. మిగతాదానికి బ్రిడ్జినే పీకి ముందుకు పెట్టాలి, అంటే కొత్త తూట్లు. రెండో షరతు అక్కడే పోయింది.

మనకు కావలసింది కన్వర్షన్ నెక్. వార్మాత్ లాంటి అమెరికా కంపెనీలు చేస్తాయి. దీని మడమ, అంటే ఒంటి గాడిలో కూర్చునే భాగం, 25.5 గిటారుకు సరిపోయేలాగే ఉంటుంది. మెట్లు మాత్రం 24.75 లెక్కన, ఉన్న బ్రిడ్జి చోటునుంచి కొలిచి కొడతారు. మెట్లన్నీ ఒంటి వైపు కొంచెం జరుగుతాయి. పన్నెండో మెట్టు 9.5 మిల్లీమీటర్లు జరుగుతుంది. నట్ 19 మిల్లీమీటర్లు దగ్గరికి వస్తుంది. అంటే పిల్ల ఎడమచెయ్యి చాపాల్సిన దూరం కూడా అంతే తగ్గుతుంది.

నెక్ ఖరీదు, ఓడ ఖర్చు, కస్టమ్స్ కలిపితే చిన్నాయన గిటారు కొన్న ధర కన్నా ఎక్కువ. అంత పెట్టేముందు పరీక్ష చేయకుండా ఎలా? డబ్బు పెట్టకుండా చేసే పరీక్షలు మూడు చేశాం. మీరూ చేసుకోవచ్చు.

మొదటిది తీగ బిగువు. ఒకే తీగ, ఒకే స్వరం అయితే బిగువు స్కేలు వర్గాన్ని బట్టి మారుతుంది. 24.75ను 25.5తో భాగించి వర్గం చేస్తే 0.942. అంటే బిగువు ఆరు శాతం తగ్గుతుంది. దాన్ని పాత గిటారు మీదే అనుభవించవచ్చు. తీగలన్నీ పావు స్వరం, అంటే ట్యూనర్ మీద 50 సెంట్లు దించితే దాదాపు అంత బిగువు తగ్గుతుంది. దించి పిల్ల చేతికిచ్చాం. అడ్డంగా నొక్కిన ఆరు తీగల్లో అంతకుముందు మూడే పలికేవి, ఇప్పుడు అయిదు పలికాయి.

రెండోది చాపు. 25.5 స్కేలులో నట్ నుంచి నాలుగో మెట్టు దాకా 133.6 మిల్లీమీటర్లు. 24.75లో 129.7. నాలుగు మిల్లీమీటర్ల తేడా. వినడానికి ఏమీ లేదు. 24.75 మెట్లను కాగితం మీద అసలు కొలతతో ప్రింటు తీసి, ప్రింటరు కొలత మార్చలేదని స్టీలు స్కేలుతో సరిచూసి, ఒక రీపు మీద అంటించాం. పిల్ల చెయ్యి పెట్టింది. చిటికెనవేలు మెట్టు వెనక ఆనింది. ఆ అర సెంటీమీటరులో చాలావరకు అక్కడే తీరిపోయింది.

మూడోది అందరికీ తెలిసిన కిటుకు. తీగలన్నీ అర స్వరం దించి మొదటి మెట్టు మీద కేపో పెడితే 25.5 గిటారు 24.07 అంగుళాల గిటారు అవుతుంది. శ్రుతి మామూలుదే. పిల్లకు ఇది ఇంకా నచ్చింది. మరి 24 ఎందుకు తీసుకోలేదు అని అడుగుతారు. స్కేలు అంత తగ్గిస్తే మెట్లు ఇంకా లోపలికి, పికప్ మీదికి జరగాలి. ఉన్న ఒంటికి కూర్చునేలా తయారుగా దొరికేవి ఎక్కువగా 24.75వే. పైగా పిల్ల చెయ్యి పెరుగుతోంది. నెక్ మందం కాస్త సన్ననిది తీసుకుంటే చాలనుకున్నాం. నిజం చెప్పాలంటే చిన్న చేతికి స్కేలు ఎంత ముఖ్యమో నెక్ లావు కూడా అంతే ముఖ్యం.

నెక్ చెప్పేముందు గాడి కొలవాలి. ఫెండర్ లెక్క ప్రకారం మడమ వెడల్పు 2 3/16 అంగుళాలు, అంటే 55.6 మిల్లీమీటర్లు. నకలు గిటార్లలో ఇది అటూ ఇటూ అవుతుంది. మా వీధిలో ఫ్యాక్టరీలో ఫిట్టరుగా రిటైరైన కాకా ఉన్నారు, చిన్నాయన జతగాడు. ఆయన సొంత వర్నియర్ తెచ్చి మూడుచోట్ల కొలిచి 56.2 అన్నారు. "బసేల్" అన్నారు, కూర్చుంటుంది అని. అరమిల్లీమీటరు సందు ఉన్నా నెక్‌ను పట్టి ఉంచేది వెనక నాలుగు స్క్రూలు గనుక భయం లేదు.

మెడకు ఆయన మరాఠీలో "మాన్" అంటారు. మరాఠీలో అదే మాటకు గౌరవం అని కూడా అర్థం. పిల్ల ఇంట్లో "ఆజోబా మాన్ తీస్తున్నారు" అని అంటుంటే చిన్నమ్మ మొదటిసారి నవ్వింది.

కొత్త నెక్ తూట్లు పెట్టకుండా తెప్పించాం. ముందే పెట్టినవి మన ఒంటి తూట్లతో కలవకపోవచ్చు. పాత నెక్ విప్పేముందు తీగలన్నీ కొంచెం కొంచెంగా వదులు చేసి తీశాం. కొత్తదాన్ని గాడిలో పెట్టి, మొదటి తీగ, ఆరో తీగ దారిలో దారం లాగి, రెండూ నెక్ అంచుల నుంచి సమదూరంలో ఉన్నాయా చూశాం. సరిగ్గా ఉన్నప్పుడు ఒంటి తూట్లలోంచి సన్న మేకుతో గుర్తు పెట్టాం. కాకా డ్రిల్లు బిట్టుకు లోతు తెలిసేలా టేపు చుట్టారు. ఒక మిల్లీమీటరు ఎక్కువ దిగితే అవతల మెట్ల పక్కకు తేలుతుంది. స్క్రూ మరలకు సబ్బు రాసి బిగించాం. మేపుల్ కర్ర గట్టిది, పొడిగా తిప్పితే స్క్రూ తల తెగుతుంది. తూట్లన్నీ కొత్త నెక్‌కే పడ్డాయి. ఒంటికి ఒక్కటీ పడలేదు.

చెవులు, అంటే తీగలు తిప్పే మరలు, పాత నెక్‌వి పీకలేదు. కొత్తవి కొన్నాం. పాత నెక్ పూర్తిగా పాత నెక్‌లాగే ఉండాలి గదా.

బిగించాక చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. తీగ బిగువు తగ్గింది గనుక నెక్‌ను ముందుకు లాగే బలం తగ్గుతుంది. నెక్ లోపలి ట్రస్ రాడ్‌ను పావు చుట్టు చొప్పున వదులు చేసి, ఒకరోజు ఆగి చూడాలి. మన చంద్రపూర్ ఎండ మీకు తెలిసిందే, మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది. తర్వాత రెండు నెలలకే వానలు, చెమ్మ. కర్ర ఒకేలా ఉండదు. వదులు తీగ వెడల్పుగా ఊగుతుంది, మెట్లకు తగిలి గరగరమంటుంది. అందుకని తీగల ఎత్తు కొంచెం పెంచాం. ఇక స్వరం సరిచూడటం. పన్నెండో మెట్టు మీద తీగను ఊరికే తాకి పలికించిన స్వరం, నొక్కి పలికించిన స్వరం ఒకటిగా ఉండాలి. నొక్కినది ఎక్కువ పలికితే సాడిల్ వెనక్కి, తక్కువ పలికితే ముందుకి. ఆరు తీగలకూ విడివిడిగా చేయాలి. బిగువు పాతంత కావాలనుకునే పెద్దవాళ్ళు 9 తీగల బదులు 9.5 వేసుకోవచ్చు. మాకు మెత్తదనమే కావాలి, 9నే ఉంచాం.

మీలో ఎవరైనా "ఇంత బదులు చిన్న గిటారు కొనియ్యక పోయారా?" అంటే, నిజమే. స్క్వయర్ మినీ స్ట్రాట్ 22.75 అంగుళాలది దొరుకుతుంది, ముస్టాంగ్ రకాలు 24వి దొరుకుతాయి. ఈ ఖర్చులో అవే వస్తాయి. గిటారు నేర్చుకోవడమే లెక్క అయితే మా సలహా కూడా అదే. మాకు కావలసింది పిల్ల వాయించడం ఒక్కటే కాదు, ఆ గిటారు మోగడం కూడా.

పిల్ల చేతికిచ్చేముందు ఇంకో పరీక్ష మిగిలింది. మా వృత్తిలో ఒక మాట ఉంది. రోల్‌బ్యాక్ చేసి చూడనిదే రోల్‌బ్యాక్ ఉందని చెప్పొద్దు. మూడో షరతు కాగితం మీద టిక్కు పెట్టేసేది కాదు. కొత్త నెక్ విప్పాం. పాతది దాని తూట్లలోనే బిగించాం. తీగలు ఎక్కించి శ్రుతి చేశాం. చిన్నమ్మ ముందు పెట్టి "చూడు చిన్నమ్మా, మునుపటి లెక్కనే ఉన్నది" అన్నాం. ఆమెకు వాయించడం రాదు. మూడో తీగ ఒక్కటి మీటింది. ఆ మోత ఆగేదాకా చేయి తీగకు దగ్గరగానే పెట్టుకుని కూర్చుంది. తర్వాత "సరె, తియ్యుండ్రి" అంది.

పాత నెక్‌ను ట్రస్ రాడ్ వదులు చేసి, నూలు గుడ్డలో చుట్టి, రేకుల గది కాకుండా లోపలి గదిలో, బల్లపరుపుగా పెట్టాం. తీగలు లేని నెక్‌ను నిలబెట్టి గోడకు ఆనిస్తే ఎండాకాలంలో వంకర పోతుంది. చుట్టిన గుడ్డ చిన్నమ్మదే, పాత చీర ముక్క. దాని మీద స్క్రూలు నాలుగూ ఒక సంచిలో కట్టి, ఏది ఏ తూటుదో చీటీ రాసి పెట్టాం. చీటీ తెలుగులో, మరాఠీలో రాశాం. రేపు దాన్ని విప్పేది ఎవరో, వాళ్ళకు ఏ అక్షరాలు వస్తాయో తెలియదు గదా. మాలో ఒకరు కన్నడంలో కూడా ఒక వరుస చేర్చారు.

పిల్లకు ఎఫ్ కార్డు పలకడానికి ఇంకో పదహారు రోజులు పట్టింది. నెక్ మారగానే పాట రాదు, వేళ్ళు నొప్పి పుట్టడం మానదు. కాని ఈసారి సంచిలో పెట్టలేదు. ఇప్పుడు సాయంత్రం వాకిట్లో కూర్చుంటుంది. మరాఠీ పాటే ఎక్కువ. మేం చీటీ రాసిస్తే తెలుగు పాట ఒకటి. రెండో మెట్టు, మూడో మెట్టు దగ్గర ఇంకా ఏ గుంటలూ పడలేదు, కొత్త లోహం మెరుస్తూనే ఉంది.

మీ ఇంట్లో ఇలాంటి పని పెట్టుకుంటే ముందు గాడి వెడల్పు, బ్రిడ్జి నుంచి పన్నెండో మెట్టు దూరం కొలిచి మాకు రాయండి. సరిపోతుందో లేదో లెక్క వేసి చెప్తాం. కాగితం మెట్ల ప్రింటు కావాలంటే పంపుతాం. వీలైతే విప్పకముందు ఆ వాయిద్యాన్ని ఎక్కువగా చూసుకున్నవాళ్ళను కూడా ఒకసారి అడగండి. మాకు తోచని మాట చిన్నమ్మకే తోచింది.